మనము పీల్చు గాలి



నలుబది ఏండ్లు దాటిన మనలో చాలమంది ఓనమాలు దిద్దినది రాతి పలక మీద. నల్లని రాయి, చుట్టును కొయ్యచట్రము, చేతిలో బలపము. అక్షరము వంకర పోయినచో ఉమ్మితో తుడిచి, అయ్యవారు చూడకుండ చొక్కా అంచుతో ఒత్తెడివారము. ఈ దేశపు బడులకు పోయిన పలకలలో పెద్దభాగము ఈ మార్కాపురము నుండి పోయినదే. కాగితము, ప్లాస్టిక్కు వచ్చిన పిమ్మట ఆ వ్యాపారము తగ్గినది గాని రాయి పని ఆగలేదు. అదే రాయి గోడలకును, నేలలకును పరచు పలకలుగా కోయబడి విదేశములకు పోవుచున్నది. రాయిని కోసిన చోట దుమ్ము లేవక తప్పదు. నేను చెప్పదలచినది ఆ దుమ్మును గురించియే. కాని నాకు కనువిప్పు కలిగించిన సంగతి ఈ ఊరిలో జరుగలేదు. సముద్రమునకు ఆవల సింగపూరులో జరిగినది. అందుచేత ముందు అక్కడికి పోయి, తరువాత ఇంటికి వత్తము.

మా అక్క కుమారుడు సింగపూరులో ఉద్యోగము చేయుచు, భార్యతోను, నాలుగేండ్ల కొడుకుతోను ఒక ఎత్తైన భవనములో పదునొకండవ అంతస్తున కాపురముండెడివాడు. పిల్లవానికి పుట్టిన ఏడాది నుండియు పిల్లికూతలు. కోడలు కూడ ఉద్యోగస్థురాలు. మనుమని చూచుకొనుటకై మా అక్క 2015వ సంవత్సరము శ్రావణమాసములో బయలుదేరి వెళ్ళినది. వెళ్ళిన నెల తిరుగకముందే అక్కడి ఆకాశము మసకబారినది.

సింగపూరులో ఏదియు కాలలేదు. కాలినది పొరుగుననున్న ఇండొనీషియాలో, సుమత్రా దీవియందును కాలిమంతాను ప్రాంతమునందును. అక్కడ కొన్ని పల్లపు నేలలలో వేలయేండ్లుగా నానిన ఆకులు, వేళ్ళు, మ్రాకులు పొరలుపొరలుగా పేరుకొనియున్నవి. దీనిని పీట్ అందురు. తోటలు వేయుటకై కాలువలు త్రవ్వి ఆ నేలను ఎండగట్టుదురు. నిప్పు పెట్టి చదును చేయుదురు. పైమంట ఆరినను లోపల వారములకొలది రగులుచునే యుండును. 2015 ఎల్ నీన్యో సంవత్సరమగుటచేత వానలు వెనుకబడినవి. గాలివాటమున ఆ పొగ సముద్రము దాటివచ్చి సింగపూరును మలేషియాను కప్పివేసినది. 1997లోను, 2013లోను ఇట్లే జరిగినది. 2013 జూన్ 21వ తేదీన సింగపూరు గాలి సూచిక 401 చూపినది. వారి లెక్కలో ఆ అంకె 100 దాటినచో గాలి అనారోగ్యకరము. 300 దాటినచో అపాయకరము.

మా అక్కకు పొగ క్రొత్త కాదు. ఎండకాలమున నల్లమల కొండలపై గడ్డి అంటుకొని రాత్రివేళ మంటలు దండలవలె కనబడుటను ఆమె చిన్ననాటి నుండి చూచినదే. ఆమెకు క్రొత్తగా తోచినది ఆ పొగకు లెక్క యుండుట. కోడలు నిద్రలేచి ముఖము కడుగుకొనుటకు ముందే ఫోను తీసి అంకె చూచును. అంకెను బట్టి ఆ దినపు సంసారము నడచును. ఇంత ఉన్నచో కిటికీలు తెరువవచ్చును; ఇంత దాటినచో పిల్లవాడు ఆటస్థలమునకు పోరాదు; ఇంకను పెరిగినచో నలుగురును ఒక్క గదిలోనికి చేరవలెను. ఆ గది తలుపుల క్రింద తడిగుడ్డ ఒత్తి, గాలిని వడకట్టు యంత్రమును పెట్టుదురు. నేల ఊడ్చుట లేదు, తడిబట్టతో తుడుచుటయే. వంటింటిలో ఎండుమిరపకాయల తాలింపు నిషేధము. ఇది ఒక విధముగా ఓర్చుకొనవచ్చును గాని, దేవుని ముందర అగరువత్తి వెలిగింపవలదని కోడలు చెప్పినప్పుడు మా అక్క మనసు నొచ్చుకొన్నది. రెండు రోజులు కోడలితో సరిగా మాటలాడలేదట. మూడవ రాత్రి పిల్లవాడు ఊపిరి అందక లేచి కూర్చుండగా, తనంతట తానే అగరువత్తుల పొట్లమును తీసి బీరువాలో పెట్టినది.

సెప్టెంబరు 25వ తేదీన సూచిక 300 దాటగలదని భావించి అక్కడి ప్రభుత్వము ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలను మూసివేసినది. ఆనాడు నలుగురును ఆ గదిలోనే కూర్చుండిరి. మా మేనల్లుడు తల్లికి ఒక మాస్కు ఇచ్చి, ముక్కు మీది తీగను ఎట్లు నొక్కవలెనో, చెంపల ప్రక్కనుండి గాలి చొరబడకుండ ఎట్లు సరిచూచుకొనవలెనో నేర్పినాడట. ఆమె దానిని చేతిలో త్రిప్పి త్రిప్పి చూచి, కొంతసేపటికి అడిగినది: "మీ నాయన పనిచేసిన చోట ఈ అంకె ఎంతుండేదిరా?"

వానికి జవాబు తోచలేదు. ఆ రాత్రి నాకు ఫోను చేసి ఆ ప్రశ్న నన్ను అడిగినాడు. నాకును తోచలేదు. ఇరువది ఏండ్లుగా మైకు ముందు కూర్చుండి రైతులకు వాతావరణము, గృహిణులకు ఆరోగ్యము చెప్పుచు వచ్చినవాడను. మా ఇంటి ఆరోగ్యమును గురించి అడిగిన ఆ ఒక్క ప్రశ్నకు నా యొద్ద కాగితము లేకపోయినది.

మా బావ పలకల షెడ్డులో ఇరువదిమూడేండ్లు రంపము మీద పనిచేసినాడు. బండను ఉలితో పొరలుగా విడదీయుట ఒకరి పని, దానిని కొలతకు కోయుట వేరొకరి పని. మా బావది కోత. సాయంకాలము ఇంటికి వచ్చునప్పటికి కనుబొమలు, మీసములు, చెవులలోని వెంట్రుకలు అన్నియు బూడిదరంగుగా నుండెడివి. మా అక్క ఆ చొక్కాను గడపలో రెండుసార్లు దులిపి దండెము మీద వేసెడిది. తండ్రి రాగానే కాళ్ళకు చుట్టుకొను మేనల్లుడు ఆ దులుపులో నిలబడి నవ్వుచుండెడివాడు. ముక్కుకు తువ్వాలు కట్టుకొనుటయే మా బావ ఎరిగిన జాగ్రత్త. మధ్యాహ్నమునకు ఆ తువ్వాలు చెమటకు తడిసి ఊపిరి ఆడనీయక, మెడలోనికి జారెడిది.

నలుబదియైదవ ఏట దగ్గు పట్టుకొన్నది. మొదట చుట్టల వలన అన్నారు. తరువాత క్షయ అన్నారు. మందులు ఆరు మాసములు మ్రింగినాడు. ఆయాసము తగ్గలేదు. చెన్నకేశవస్వామి గుడి ముందర రథము లాగిన మనిషి, గుడి వరకు నడచుటకు మూడుచోట్ల కూర్చుండవలసి వచ్చినది. చివరకు పెద్ద ఊరిలో ఒక వైద్యుడు ఎక్స్‌రే చూచుటకు ముందు ఒక ప్రశ్న వేసినాడు: "ఏం పని చేస్తుంటావయ్యా?" అంతకుముందు చూచిన వారెవ్వరును ఆ ప్రశ్న అడుగలేదు.

ఈ ప్రశ్నకు మూడు వందల ఏండ్ల పైబడిన చరిత్ర కలదు. ఇటలీ దేశమున బెర్నార్డినో రామజ్జీని అను వైద్యుడు 1700వ సంవత్సరమున పనివారల రోగములను గూర్చి ఒక గ్రంథము ప్రకటించినాడు. రోగిని వైద్యుడు అడుగవలసిన ప్రశ్నలలో "నీ వృత్తి యేమి?" అనునది చేరవలెనని ఆయన అందులో చెప్పినాడు. రాళ్ళు చెక్కువారి ఊపిరితిత్తులను గురించియు అందులో వ్రాసినాడు. ఇంత పాత ప్రశ్న మా బావ వరకు వచ్చుటకు అంత ఆలస్యమైనది.

ఆ వైద్యుడు చెప్పిన పేరు సిలికోసిస్. మన పలకరాయి నల్లమల శ్రేణికి చెందిన, నూరుకోట్ల సంవత్సరములకు మించి వయస్సు గల బురద. ఒత్తిడికి గట్టిపడి రాయియైనది. అందులో స్ఫటికము, అనగా సిలికా, కలిసియున్నది. రాయి రాయిగా నున్నంతకాలము దానివలన ఏ హానియు లేదు. ఆరుబయట పలక మీద బిడ్డ వ్రాసికొనుటయు ఒక లెక్కలోనిది కాదు. యంత్రపు రంపము దానిని కోయునప్పుడు లేచు సన్నని పొడియే ప్రాణాంతకము. కంటికి కనబడు దుమ్ము ముక్కులోను గొంతులోను చిక్కుకొని చీమిడితో, కళ్ళెతో బయటపడును. హానిచేయునది కనబడనిది. తలవెంట్రుక మందము సుమారు 50 నుండి 70 మైక్రానులు. ఊపిరితిత్తుల అడుగుకు చేరు కణము అయిదు మైక్రానులకు లోపు. ఒక వెంట్రుక మందములో అట్టివి పది పండ్రెండు వరుసగా నిలుచును.

ఇక్కడ పొగకును రాతిపొడికిని ఒక భేదము చెప్పవలెను. సింగపూరు మీదికి వచ్చిన పొగయు అపాయకరమైనదే. ఉబ్బసము గలవారిని, గుండెజబ్బు గలవారిని, పసివారిని అది పీడించును. కాని వానలు పడి పొగ తొలగిన పిమ్మట మా మేనల్లుని కొడుకు మరల పరుగెత్తినాడు. రాతిపొడి అట్లు తొలగిపోదు. ఊపిరితిత్తులలోనికి చొరబడిన దుమ్మును మ్రింగివేయుటకు శరీరములో కొన్ని కణములు కలవు. సిలికాను మ్రింగిన కణము దానిని అరిగించుకొనలేక తానే చచ్చును. ఆ కణికను మరియొక కణము మ్రింగును, అదియు చచ్చును. చచ్చినచోట మచ్చ కట్టును. మెత్తని ఊపిరితిత్తి క్రమముగా తోలువలె బిగిసిపోవును. పని మానినను ఆ మచ్చలు పెరుగుట ఆగకపోవచ్చును. దీనిని మాన్పు మందు లేదు. అంతే కాదు, సిలికా చేరిన ఊపిరితిత్తులలో క్షయ సులభముగా ప్రవేశించును. కాబట్టి రాతిపని చేయువానికి దగ్గు వచ్చినచో క్షయ పరీక్ష తప్పక చేయించవలెను, క్షయ యున్నచో మందులు నడుమ మానరాదు. దానితో పాటు సిలికోసిస్ సంగతియు అడుగవలెను. రెండును ఒకే మనిషిలో ఉండవచ్చును. సిలికా ధూళి క్యాన్సరు కారకమని 1997లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ నిర్ణయించినది.

పలకరాయి పనివారిది మన ఒక్క ఊరి కథ కాదు. బ్రిటనులో ఉత్తర వేల్సు కొండలలో పెన్రిన్, డినోర్విక్ అను గొప్ప పలకరాతి గనులుండెను. అక్కడి పనివారలకు ఆయాసము వచ్చినప్పుడు, గనుల వైద్యులలో కొందరు పలకదుమ్ము హానికరము కాదనిరి. మరి ఆ మనుష్యులు ఎందుచేత చిక్కిపోవుచున్నారు అని అడుగగా, ఎక్కువసేపు మరిగించిన తేనీరు త్రాగుటవలన అని చెప్పిరి! మా బావ చుట్టలను ఇక్కడ తప్పుపట్టిరి. అక్కడ తేనీటిని తప్పుపట్టిరి. ఆ పనివారలకు నష్టపరిహారము ఇప్పించు చట్టము 1979లో గాని రాలేదు. డినోర్విక్ గని 1969లోనే మూతపడినది. చట్టము వచ్చునాటికి ఎందరు మిగిలియుందురో శ్రోతలే ఊహింపగలరు.

మన దేశములోనే మధ్యప్రదేశమున మందసౌరు ప్రాంతము బలపములకు ప్రసిద్ధి. అక్కడ బలపములు కోయు పనివారలను పరీక్షించి 1985లో ప్రకటించిన పరిశీలనలో, చూచిన వారిలో సగముకంటె ఎక్కువమందికి సిలికోసిస్ కలదని తేలినది. పసివాని చేతిలోని బలపము, పలక రెండును ఒకే దుమ్ములోనుండి వచ్చినవని అది చదివినప్పుడు నాకు స్ఫురించినది. మన దేశమున 1948 నాటి ఫ్యాక్టరీల చట్టములోనే సిలికోసిస్‌ను ప్రభుత్వమునకు తెలుపవలసిన రోగముల పట్టికలో చేర్చిరి. రాజస్థాను ప్రభుత్వము 2019లో ఈ రోగుల కొరకు ప్రత్యేక విధానము ప్రకటించి, రోగమని ధ్రువీకరింపబడిన వానికి మూడు లక్షల రూపాయలు, మరణించినచో కుటుంబమునకు రెండు లక్షల రూపాయలు నిర్ణయించినది. కాని పట్టికలో పేరున్న రోగము పట్టికకు ఎక్కవలెనన్న, మొదట ఎవరైనను "ఏమి పని చేయుదువు?" అని అడుగవలెను గదా.

మా బావ 2011లో మరణించినాడు. కడపటి ఏడు ఆయనకు రేడియోయే తోడు. మేము మైకు ముందు ఊపిరి తీసిన చప్పుడు వినబడకుండ మాటలాడుట నేర్చుకొందుము. అది మా వృత్తిలో మొదటి పాఠము. ఒకనాడు నా ప్రసంగము విని, నేను ఇంటికి పోగానే మంచము మీద దిండ్లకు ఆనుకొని కూర్చుండి, "ఏం బావమరిదీ, పది నిమిషాలు మాట్లాడితివి, ఊపిరి తీసిన చప్పుడే లేదే! ఎంత సుఖమైన పనిరా నీది" అన్నాడు. ఆ మాటకు నేను నవ్వితిని. ఆయనయు నవ్వబోయి దగ్గు తెర వచ్చి ఆగిపోయినాడు.

మా అక్క సింగపూరునుండి తిరిగివచ్చిన పిమ్మట, ఆ ఒక్క గదిలో తాను చూచినవానిని ఒక్కటొక్కటిగా మన వీధిలో చెప్ప మొదలుపెట్టినది. ఆమె చదివినది అయిదవ తరగతి. ఆమె మాటలలో శాస్త్రము పేరు లేదు గాని శాస్త్రమున్నది. షెడ్డునుండి వచ్చినవాడు చొక్కా గడపలో దులుపరాదు. బయటనే విప్పి నీళ్ళలో ముంచవలెను. స్నానము చేసిన తరువాతనే బిడ్డను ఎత్తుకొనవలెను. ఆ బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతుకరాదు. ఊడ్చుటకు ముందు నీళ్ళు చల్లవలెను. "నేనే నా కొడుకు నెత్తిన దులిపినానమ్మా, నాకు తెలియక" అని తన తప్పును ముందు చెప్పుకొనుటచేత, ఆమె మాటను ఎవరును తప్పుపట్టలేదు.

ఇంటిలో ఆడువారు చేయగలిగినది అంతవరకే. అసలు పని షెడ్డులో జరుగవలెను. దానికి క్రొత్త విద్య ఏదియు అక్కరలేదు, నీరు చాలును. రంపము రాయిని తాకు చోట నీటిధార పడుచున్నచో పొడి గాలిలోనికి లేవక ముద్దయై క్రిందికి జారును. దానితో పాటు పంకా గొట్టములతో దుమ్మును పుట్టినచోటనే పీల్చివేయు ఏర్పాటు ఉన్నచో మరియు మేలు. మాస్కు కడపటి అడ్డు మాత్రమే; మన ఎండకాలమున రంపము ముందు ఎనిమిది గంటలు బిగుతైన మాస్కు పెట్టుకొనుమనుట, పెట్టుకొనని వారు చెప్పగల మాట. తువ్వాలు మాట చెప్పనే అక్కరలేదు: నేతలోని సందులు ఆ కణములకు రాజమార్గములు.

నీళ్ళు ఎక్కడివి అని మీరు అడుగుదురు. ఈ ప్రశ్న న్యాయమైనది. బిందె నీటికి ట్యాంకరు కొరకు ఎదురుచూచు ఊళ్ళు గల ప్రాంతము మనది. కాని రంపమునకు మంచినీళ్ళు పనిలేదు. వాడిన నీటిని తొట్టిలో నిలిపి, బురద పేరుకొన్న పిమ్మట పైనీటిని మరల రంపమునకే త్రిప్పవచ్చును. ఆ బురదను మాత్రము ఎండనీయక తొలగింపవలెను. ఎండినచో అది మరల దుమ్మే.

రంపము ఆగినంత మాత్రమున గాలి శుభ్రపడునని తలపరాదు. ఒక మైక్రాను ప్రమాణము గల రాతికణము, కదలిక లేని గాలిలో మనిషి నోటి ఎత్తునుండి నేలకు దిగుటకు నాలుగైదు గంటలు పట్టును. మధ్యాహ్నము రంపము ఆపి అక్కడనే అన్నము మూట విప్పుకొన్నవాడు ఉదయపు దుమ్మునే పీల్చుచున్నాడు. రాత్రి కాపలాకు పండుకొన్నవాడు పగటి దుమ్మును పీల్చుచున్నాడు.

ఇక ఆ అంకె సంగతి. జాతీయ వాయునాణ్యతా సూచిక మన దేశమున 2015లో, మా అక్క సింగపూరు పోయిన ఏడే, ప్రారంభమైనది. 2019లో వచ్చిన జాతీయ శుద్ధవాయు కార్యక్రమములో మన రాష్ట్రమునుండి పదమూడు పట్టణములు చేరినవి. ఒంగోలు అందులో ఉన్నది, మార్కాపురము లేదు. ఉన్నను, పట్టణము నడుమ నిలిపిన యంత్రము ఊరి గాలిని కొలుచును గాని షెడ్డులోని గాలిని కొలువదు. ఇండొనీషియాలో జరిగినదియు ఇట్టిదే. ఆ పొగను గురించి సింగపూరు మాట లోకమంతయు విన్నది. నిప్పు రగిలిన పల్లెలలో బ్రతుకువారు అంతకంటె దట్టమైన పొగలో ఉండిరి.

2023 సంక్రాంతికి మా మేనల్లుడు వచ్చుచు అరచేతిలో ఇమిడెడు చిన్న కొలత యంత్రమును తల్లికి తెచ్చి ఇచ్చినాడు. రెండున్నర మైక్రానుల లోపు ధూళిని అది అంకెలలో చూపును. అందులో సిలికా ఎంత, పొగ ఎంత అని విడదీసి చెప్పజాలదు; దానికి ప్రయోగశాల కావలెను. అయినను మా అక్క దానిని పండుగ మూడు రోజులు ఇల్లంతయు త్రిప్పినది. దేవుని గూటిలో అగరువత్తి ముందు పెట్టి చూచి, కోడలు అన్నమాట నిజమేనని ఒప్పుకొన్నది. ప్రక్కింటి కట్టెల పొయ్యి దగ్గర పెట్టి, ఆ ఇల్లాలికి గ్యాసు సిలిండరు ఎందుకు ఖాళీగా నున్నదో విచారించినది.

కనుమ మరునాడు మా బావ స్నేహితుని కుమారుడు పనిచేయు షెడ్డునకు నన్ను వెంటబెట్టుకొని వెళ్ళినది. అది మా బావ పనిచేసిన షెడ్డు కాదు. రంపమునకు పదడుగుల దూరములో యంత్రమును చేతబట్టుకొని నిలబడినాము. అంకె మూడు వందలు, ఆరు వందలు దాటి, 999 వద్ద నిలిచిపోయినది. అంతకుమించి చూపు శక్తి దానికి లేదు. యజమాని వచ్చి ఏమిటిది అని అడిగినాడు. మా అక్క చెప్పినది. ఆయన కొంతసేపు దానినే చూచి, తన చేతిలోనికి తీసికొని, అద్దపు తలుపులు గల తన ఆఫీసు గదిలోనికి పోయి బల్లమీద పెట్టినాడు. అక్కడను అంకె రెండు వందలకు దిగలేదు. ఆ బల్లకు ఎదుట గోడమీద ఆయన మనుమరాలి ఫొటో ఉన్నది. బడి వదలగానే ఆ పిల్ల వచ్చి ఆ గదిలోనే కూర్చుండునని పనివారు తరువాత చెప్పినారు.

ఆ షెడ్డులో రెండు రంపములు కలవు. ఉగాదిలోగా ఒకదానికి నీటిగొట్టము అమర్చినారు. రెండవది ఇంకను పొడిగానే తిరుగుచున్నది.